తీరిక లేని దినములలో తేటయైన మనసు
(రేడియో ప్రసంగ పాఠం)

 

ఈ దినములలో ఎవరిని పలకరించినా వచ్చే జవాబు ఒకటే. "ఏం చెప్పమంటారు అయ్యగారూ, ఊపిరి సలపని పనులు. తీరికే లేదు." ఉద్యోగస్తులదీ అదే మాట, రైతులదీ అదే మాట, పరీక్షలకు చదివే పిల్లలదీ అదే మాట. చివరికి సంఘ సేవకులదీ అదే మాట. ఉదయం లేచింది మొదలు కాలు నిలవదు. కాలు నిలిచినా మనసు నిలవదు. అన్నం ముందు కూర్చుంటాం, మనసు ఆఫీసులో ఉంటుంది. ఆఫీసులో కూర్చుంటాం, మనసు తీర్చవలసిన అప్పు దగ్గర ఉంటుంది. ఆదివారం మందిరంలో కూర్చుంటాం, మనసు మధ్యాహ్నం రాబోయే చుట్టాల దగ్గర ఉంటుంది. మనిషి ఒకచోట, మనసు ఒకచోట.

దీనికి పరిశుద్ధ గ్రంథంలో ఏమైనా మందు ఉన్నదా? ఉన్నది. మార్కు సువార్త 5వ అధ్యాయం 21వ వచనం నుండి 43వ వచనం వరకు ఉన్న భాగం మీకు బాగా తెలిసినదే. మీ దగ్గర బైబిలు ఉంటే తెరచి ముందు ఉంచుకోండి.

యేసు ప్రభువు దోనె దిగి ఒడ్డుకు వచ్చాడు. అప్పటికే జనం గుమిగూడారు. సమాజమందిరపు అధికారియైన యాయీరు వచ్చి ఆయన పాదాల మీద పడ్డాడు. అతని కుమార్తె చావుబతుకుల్లో ఉన్నది. ఆమెకు పన్నెండేండ్లు. ఒక్కగానొక్క కుమార్తె అని లూకా వ్రాశాడు. ఇంతకంటె తొందర పని లోకంలో మరొకటి ఉంటుందా? ప్రభువు వెంటనే అతనితో బయలుదేరాడు. జనం కూడా తోసుకుంటూ వెంట నడిచారు.

ఆ గుంపులో ఒక స్త్రీ ఉన్నది. యాయీరు కుమార్తె పుట్టి పన్నెండేండ్లైతే, ఈమె రోగానికీ పన్నెండేండ్లే. రక్తస్రావ రోగం. ఉన్నదంతా వైద్యులకు పోసింది. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది. లేవీయకాండము 15వ అధ్యాయం ప్రకారం అలాంటి స్త్రీ అపవిత్రురాలు, ఆమె కూర్చున్న చోటు సయితం అపవిత్రం. పన్నెండేండ్లు ఎవరి పక్కనా కూర్చోలేని బ్రతుకు అది. ఆమె వెనుకగా వచ్చి ప్రభువు వస్త్రాన్ని ముట్టింది. ముట్టిన క్షణమే బాగుపడింది.

ఇక్కడే మనం జాగ్రత్తగా గమనించాలి. ఆమె స్వస్థత పొందింది. పని అయిపోయింది. ప్రభువు తన దారిన తాను సాగిపోవచ్చు. అవతల ఒక పిల్ల ప్రాణం పోతున్నది. అయినా ఆయన ఆగాడు. తనను ముట్టినదెవరని అడిగాడు. శిష్యులకు ఆశ్చర్యం వేసింది. ఇంతమంది మీద పడుతుంటే ముట్టినదెవరని అడగడమేమిటి?

ప్రియులారా, రాసుకొని నడవడం వేరు, ముట్టడం వేరు. ఆ గుంపులో ఎందరో ఆయనకు తగిలారు. ముట్టినది ఒక్కతే. మన ఇండ్లలో ఏం జరుగుతున్నదో ఆలోచించండి. ఒకే కప్పు క్రింద తిరుగుతుంటాం, ఒకరికొకరం రోజంతా తగులుతుంటాం. కానీ ఒకరి మనసు ఒకరం ముట్టి ఎన్ని దినాలైంది?

ఊరిలో ఉన్న తల్లి పట్నంలోని కొడుకుకు ఫోను చేస్తుంది. "తిన్నావా నాయనా?" "తిన్నానమ్మా. నువ్వు తిన్నావా? మందులు వేసుకున్నావా? సరే, పనిలో ఉన్నాను, మళ్లీ చేస్తాను." నిమిషం కూడా పట్టదు. అడగవలసినవన్నీ కొడుకు అడిగాడు. కానీ ఆ తల్లి చెప్పాలనుకున్నది చెప్పనే లేదు. రాత్రి ఒంటరిగా ఉండి భయపడింది. ఆ మాట చెప్పుకుందామని చేసింది. ఫోను పెట్టేసి ఊరకుంటుంది. మరునాడు అదీ చెప్పాలనుకోదు.

సంఘంలో మాత్రం? ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర అందరికీ "వందనాలండీ" అని చేతులు జోడిస్తాం. నెల క్రితం భర్తను పోగొట్టుకున్న సహోదరి కూడా ఆ వరుసలోనే ఉంటుంది. ఆమెకూ అదే వందనం, అంతే వేగంగా.

ప్రభువు అలా చేయలేదు. 33వ వచనం చూడండి. ఆ స్త్రీ వణకుచు వచ్చి తన సంగతి అంతా ఆయనకు చెప్పుకున్నది. అంతా చెప్పుకున్నది అంటే ఎంతసేపు పట్టి ఉంటుంది? పన్నెండేండ్ల కథ. ఏ వైద్యుడి దగ్గరకు వెళ్లింది, ఎంత పోగొట్టుకున్నది, ఎవరెవరు దూరం పెట్టారు. ప్రభువు మధ్యలో తుంచలేదు. చివరిదాకా విన్నాడు. విని, ఆమెను కుమారీ అని పిలిచాడు. ఆయన ఆగకపోయి ఉంటే ఆమె ఆరోగ్యంతో ఇంటికి వెళ్లేది. కానీ కుమార్తెగా వెళ్లేది కాదు.

"అయ్యగారూ, మరి యాయీరు సంగతేమిటి?" అని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నను దాటవేయకూడదు. ఆ తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క క్షణం అతనికి ఒక్కొక్క గడియ. ప్రభువు ఇంకా మాట్లాడుతుండగానే ఇంటి నుండి మనుషులు వచ్చారు, పిల్ల చనిపోయిందన్నారు. ప్రభువు చనిపోయినవారిని లేపగల దేవుడు. మనం ఆగితే పోయిన ప్రాణం తిరిగి వస్తుందా?

న్యాయమైన ప్రశ్న. 108 వాహనం నడిపే సహోదరుడు దారిలో ఆగకూడదు. ప్రసవపు నొప్పులు పడుతున్న తల్లిని విడిచి నర్సు కబుర్లు చెప్పకూడదు. ఆ తొందర ప్రేమలో భాగమే. కానీ మనల్ని మనం నిజాయితీగా అడుగుదాం. మన పరుగులలో ఎన్ని నిజంగా చావుబతుకుల్లో ఉన్న బిడ్డ కోసం చేసినవి? ఎన్ని మన పేరు కోసం, పక్కింటివారితో పోటీ కోసం, ఊరక కూర్చుంటే ఏదో పోతుందన్న భయం కోసం చేసినవి?

మరొక సంగతి. దుర్వార్త వచ్చినప్పుడు ప్రభువు యాయీరును ఒంటరిగా వదలలేదు. ఆ మాట చెవిని పడగానే అతని వైపు తిరిగి, భయపడవద్దు, నమ్మికతో ఉండుమని ధైర్యం చెప్పాడు. అతని ఇంటికి వెళ్లాడు. ఏడ్చేవారి గొల్లును బయటికి పంపి, తల్లిదండ్రులను, ముగ్గురు శిష్యులను మాత్రమే లోపలికి తీసుకొని వెళ్లాడు. పిల్ల చెయ్యి పట్టుకొని లేపాడు. లేపిన తర్వాత ఏం చెప్పాడో తెలుసా? ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమన్నాడు. అంతటి అద్భుతం జరిగిన ఇంట్లో పిల్ల ఆకలి గుర్తున్నది ఆయనకే! స్త్రీ దగ్గర ఉన్నప్పుడు పూర్తిగా స్త్రీ దగ్గర, పిల్ల దగ్గర ఉన్నప్పుడు పూర్తిగా పిల్ల దగ్గర. పనులు ఆయనకు తక్కువ కావు. మనసు మాత్రం రెండుగా చీలలేదు.

మత్తయి సువార్త 6వ అధ్యాయం 22వ వచనంలో ప్రభువు కన్ను గురించి బోధించాడు. మూలభాషలో అక్కడ ఉన్న మాటకు ఒక్కటిగా ఉన్నది, రెండుగా చీలనిది అనే భావం ఉన్నది. మన తెలుగు బైబిలులో తేట అనే చక్కని మాట వాడారు. బిందెలో బురద నీళ్లు తేటపడాలంటే ఏం చేస్తాం? కదపకుండా ఉంచుతాం. మళ్లీ మళ్లీ చెయ్యి పెట్టి కలుపుతుంటే ఎన్నటికీ తేటపడవు. సాదా మనసు అంటే అదే. నన్ను దేవుడు ఈ క్షణాన ఇక్కడ ఉంచాడు, ఈ మనిషిని నా ముందు ఉంచాడు, మిగిలినది ఆయన చూచుకుంటాడు అని నిలవగల మనసు. లోకమంతా నా భుజాల మీద ఉన్నదనుకొనేవాడు ఎక్కడా ఆగలేడు. లోకం తన తండ్రి చేతిలో ఉన్నదని ఎరిగినవాడే ఆగగలడు.

ఇది సన్యాసులకే సాధ్యమనుకోకండి. ఫ్రాన్సు దేశంలో పారిసు పట్టణపు ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అనే భక్తుడు ఉండేవాడు. అసలు పేరు నికొలాస్ హెర్మన్. మునుపు సిపాయి, యుద్ధంలో గాయపడినవాడు. 1640వ సంవత్సరంలో మఠంలో చేరాడు. ఆయనకు ఇచ్చిన పని వంట. స్వభావరీత్యా ఆయనకు ఇష్టం లేని పని అది. అయినా ఏండ్ల తరబడి ఆ పొయ్యి దగ్గరే దేవుని సన్నిధిని అనుభవించడం నేర్చుకున్నాడు. గిన్నెల చప్పుడులో, నలుగురూ నాలుగు అడుగుతున్న గందరగోళంలో కూడా మోకాళ్ల మీద ఉన్నంత నెమ్మదిగా ఉండేవాడు. 1691లో ఆయన ప్రభువు నొద్దకు వెళ్లిన తరువాత ఆయన ఉత్తరాలూ సంభాషణలూ పుస్తకంగా వచ్చాయి. నేటికీ విశ్వాసులు చదువుతున్నారు.  పనిలో ఉన్న మనసు మారింది.

మరి మనం ఏం చేద్దాం? మూడు సంగతులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ఏ పని దేవుడిచ్చినదో అడగండి. యోహాను సువార్త 17వ అధ్యాయం 4వ వచనంలో, తండ్రి తనకిచ్చిన పనిని ముగించానని ప్రభువు ప్రార్థించాడు. ఆ దినాన ఇశ్రాయేలులో రోగులింకా ఉన్నారు, కుష్ఠరోగులింకా ఉన్నారు. అయినా పని ముగిసిందన్నాడు. ఎందుకంటే ఆయన లెక్క ఎదుటివారు అడిగిన పనులతో కాదు, తండ్రి ఇచ్చిన పనితో. సంఘంలో నాలుగు కమిటీలలో పేరుండి ఇంట్లో భార్యతో నాలుగు మాటలు లేనివారు ఈ వాక్యాన్ని ధ్యానించాలి.

రెండవది, దినానికి ఒక్క మనిషికి పూర్తిగా చెవి ఇవ్వండి. ఫోను పక్కన పెట్టండి, టీవీ కట్టేయండి, ఎదురుగా కూర్చోండి. సలహా చెప్పడానికి తొందరపడకండి. వారు అంతా చెప్పుకొనేదాకా వినండి.

మూడవది, విశ్రాంతి దినాన్ని కాపాడుకోండి. నిర్గమకాండము 34వ అధ్యాయం 21వ వచనంలో దేవుడు ఒక వింతైన సంగతి చెప్పాడు. దుక్కుల రోజులలోనూ, కోతల రోజులలోనూ ఏడవ దినాన పని మానాలి. అదునుపోతే పంట పోతుందని రైతుకు తెలియదా? దేవునికి తెలియదా? తెలిసే చెప్పాడు. తీరిక ఉన్నప్పుడు ఆగడం పెద్ద సంగతి కాదు. తీరిక లేనప్పుడు ఆగడమే విశ్వాసం.

కూలికి వెళ్లి వచ్చి మళ్లీ ఇంటి చాకిరీ చేసే తల్లులారా, రెండు షిఫ్టులు చేసే తమ్ముళ్లారా, మీ కష్టం పాపమని నేను చెప్పడం లేదు. మీకు ప్రభువు మరొక బరువు పెట్టడు. కుండ తోముతూ, బస్సులో నిలబడి, ఆయన పేరు ఒక్కసారి పలకండి. గుంపులో వెనుక నుండి ముట్టినా ఆయనకు తెలుస్తుంది. మీ కోసం ఆగడానికి ఆయనకు ఎల్లప్పుడూ తీరిక ఉన్నది.

ఈ దినం ముగియకముందే, మీ మాట కోసం కాచుకొని ఉన్న ఒక్కరి పేరు జ్ఞాపకం చేసుకోండి. వారి దగ్గరకు వెళ్లండి. దూరంగా ఉంటే ఫోను చేయండి. ఈసారి ముందుగా పెట్టేయకండి.

ప్రార్థించుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, చెదరిన మా మనసులను నీ పాదాల యొద్ద పెట్టుచున్నాము. వాటిని తేటపరచుము. నీవిచ్చిన పనిని ఎరుగు జ్ఞానమును, నీవు మా ముందు ఉంచిన మనిషి దగ్గర నిలుచు ప్రేమను దయచేయుము. మా కొరకు ఆగిన యేసుక్రీస్తు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.