ఫీజు ఒక్కటే చాలదు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము యూదు విద్యార్థుల గురించి మాట్లాడతామంటే కొందరు ఆశ్చర్యపోవచ్చు. పాలస్తీనా విషయంలో మన గుండెల్లో ఉన్న బాధ ఉన్నదే. అయినా మంచి ఎక్కడున్నా నేర్చుకోవాలి. వారూ గ్రంథ ప్రజలే కదా!

సుమారు 2000 ఏళ్ల కిందట హిల్లెల్ అనే యూదు పండితుడుండేవాడు. కడు పేదవాడు. కూలిడబ్బులో సగం ఇంటికిచ్చి, సగం పాఠశాల కాపలాదారుకిచ్చి పాఠం వినేవాడట. ఒకనాడు కూలి దొరకలేదు, లోనికి రానివ్వలేదు. కప్పుమీది కెక్కి, వెలుతురు కంత దగ్గర పడుకుని వింటుంటే మంచు కప్పేసింది. తెల్లవారి గురువులు చూసి, దింపి, మంట దగ్గర కూర్చోబెట్టారు. అది శనివారం, వారికి నిప్పు రాజేయరాని రోజు. విద్యార్థి ప్రాణం కోసం ఆ నియమాన్ని పక్కన పెట్టారని తాల్ముద్‌లో ఉన్నది.

1923లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో యూదు విద్యార్థులకు పెట్టిన కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. స్థాపించినది బెంజమిన్ ఫ్రాంకెల్ అనే యువ రబ్బీ. పురికొల్పినది ఎవరనుకున్నారు? బాల్డ్విన్ అనే క్రైస్తవ ప్రొఫెసర్! యూదు పిల్లలకు తమ గ్రంథమే తెలియడం లేదని ఆయన బాధపడ్డారు. నేడు అటువంటి కేంద్రాలు వందలాది విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. శుక్రవారం పొద్దుగూకే వేళ దీపాలు వెలిగించి, రొట్టెమీద దువా చదివి, కలిసి భోంచేస్తారు. ప్రార్థనకు వచ్చేవారు వస్తారు, భోజనానికే వచ్చేవారూ వస్తారు.

అదే విశ్వవిద్యాలయంలో 1963లో ముస్లిం విద్యార్థులు కూడా తమ సంఘాన్ని స్థాపించుకున్నారు. పరదేశంలో జుమాకూ, ఈద్‌కూ పిల్లలను ఒకచోట చేర్చినది అటువంటి సంఘమే.

ఇక మన సంగతి. ఉర్దూ మీడియంలో మా దగ్గర చదివిన ఒక కుర్రవాడు పట్నంలో యూనివర్సిటీలో చేరాడు. ఫీజు మన సంఘమే కట్టింది. రంజాన్‌లో సహరీకి నీళ్లు తాగి రోజా ఉన్నానని సెలవులకొచ్చినప్పుడు చెప్పాడు. ఆ ఊళ్లో మనవాళ్ల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వాడున్నట్టు ఎవరికీ తెలియదు. తెలియజేయాలని మాకూ తోచలేదు. ఆ తప్పు మాదే.

కాబట్టి మా మనవి ఒక్కటే. స్కాలర్‌షిప్ పొందే ప్రతి విద్యార్థి పేరూ ఆ ఊరి మసీదు కమిటీకి రాసి పంపుదాం. జుమా రోజు వంతులవారీగా ఒక్కొక్క ఇంట భోజనం పెట్టించుదాం. దీనికి పెద్ద నిధి అక్కర్లేదు, ఒక ఉత్తరం, ఒక దస్తర్‌ఖాన్ చాలు. కప్పుమీద మంచులో మన పిల్లవాడు పడివుంటే, చూడడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా!

ఖుదా హాఫిజ్.