దూపగొన్న బిడ్డ
(పూర్వ విద్యార్థుల కూటమిలో చేసిన ప్రసంగము)



మనం చదువుకున్ననాడు ఆదిలాబాదు ఒకటే జిల్లా. 2016లో అది నాలుగైనది. మనమూ నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు అంటూ చెదిరిపోయాము. మేము కొలువు విరమించి ఇప్పుడు మనుమలకు ఎక్కాలు చెప్పుచున్నాము. ఈ కొలువుకు విరమణ లేదు!

మన తరగతిలో ఒక గోండు పిల్లవాడుండేవాడు. మాట్లాడడని "మూగోడా" అని నవ్వాము. కొన్నాళ్లకు బడి మానేశాడు. ఎందుకని మనలో ఒక్కరమూ అడుగలేదు.

మేము ఉట్నూరు వైపు పంతులుగా చేరిన కొత్తలో ఒక చిన్నపిల్ల "ఏర్, ఏర్" అన్నది. ఏటికి పోతానంటున్నదని గద్దించి కూర్చోబెట్టాము. గోండిలో ఏర్ అంటే నీళ్లు. బిడ్డ దూపగొని ఏడ్చింది. ఆనాడు మన మిత్రుని మౌనం మాకు అర్థమైనది.

1940వ దశకంలోనే మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గారు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించి, గోండి వాచకాలు చేయించారు. ఆ తోవ మేము ఆలస్యంగా తెలుసుకొని, పిల్లల వద్దనే ఆ భాష నేర్చుకున్నాము.

ఆ మిత్రుని జాడ ఎరిగినవారు దయచేసి చెప్పండి. మేమే పోయి పిలుచుకొస్తాము. మనమందరము అతనికి క్షమాపణ బాకీ ఉన్నాము.