సెల్‌ఫోనులో అపరిచితులు - మన ఇంటి సంగతులు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముక్కూ మొహం తెలియనివారితో ఫోనులో మాట్లాడేటప్పుడు మన స్వంత వివరాలు ఎలా కాపాడుకోవాలి అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది కుర్రవాళ్ళ సంగతి గదా, మనకెందుకు అని వెనక వరుసలోని పెద్దలు అనుకోవచ్చు. కాదండీ, ఇది ఇల్లు మొత్తానికి సంబంధించిన సంగతి.

మన ఇంటి గుమ్మంలోకి కొత్తవాడు వస్తే "ఎవరు బాబూ, ఎవరి తాలూకు?" అని మనమే అడుగుతాము. జవాబు నచ్చితే అరుగు మీద కూర్చోబెడతాము గాని నట్టింట్లోకి రానివ్వము. అదే మనిషి ఫోనులో పలకరిస్తే, ప్రశ్నలు వేసేది అతను, జవాబులు చెప్పేది మనం! పైగా అతను వెంటనే వరస కలుపుతాడు. భయ్యా అంటాడు, ఆపా అంటాడు. వరస కలిపినవాణ్ణి కాదనటానికి మనకు మొహమాటం. ఉర్దూలో దీన్నే మురవ్వత్ అంటాము. ఇది మంచి గుణమే, కాని మోసగాడికి దొరికే మొదటి తాళంచెవి కూడా ఇదే.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. పిడుగురాళ్ళ కుర్రవాడొకడు ఫోనులో ఆట ఆడుతూ కొత్త స్నేహితుణ్ణి సంపాదించాడు. మొదటి రోజు ఊరి పేరు చెప్పాడు. రెండో రోజు, నాన్న గల్ఫులో ఉన్నాడని చెప్పాడు. మూడో రోజు పుట్టినరోజు, నాలుగో రోజు అమ్మ ఫోను నంబరు. ఏ ఒక్కటీ పెద్ద రహస్యం కాదు. కాని నాలుగూ కలిపితే ఇంటి నక్షా తయారైంది. వారం తిరక్కుండా ఆ తల్లికి కొత్త నంబరు నుంచి కబురు వస్తుంది: "నేను చిక్కుల్లో ఉన్నాను, ఫోను పోయింది, వెంటనే డబ్బు పంపు" అని. భర్త పేరు సరిగానే ఉంది, పనిచేసే ఊరూ సరిగానే ఉంది. ఆమె నమ్మక ఏం చేస్తుంది?

అవతల కూర్చున్నది ఎవరో కూడా తెలుసుకోవాలి. మే 2024లో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠా గుట్టు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఆశపెట్టి మన తెలుగు యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి, ఆన్‌లైన్ మోసాలు చేయించారు. ఆడపిల్లల పేరుతో, ఫోటోలతో ఖాతాలు తెరిచి మన దేశం వాళ్ళతోనే కబుర్లు చెప్పించారు. ఆ నెలలోనే సిహనూక్‌విల్ అనే పట్టణం నుంచి 60 మంది భారతీయులను మన రాయబార కార్యాలయం విడిపించింది. అంటే "ఆపా" అని తియ్యగా పిలిచేవాడు ఒంటరి మనిషి కాకపోవచ్చు. వాడి వెనక పెద్ద కార్ఖానా ఉండవచ్చు. వాడే మన కుర్రవాడై, తిండికీ పాస్‌పోర్టుకూ పరాధీనుడై ఉండవచ్చు. కాబట్టి విదేశీ ఉద్యోగమని ఫోనులో పరిచయమైన ఏజెంటుకు పాస్‌పోర్టు కాపీ పంపేముందు, అతనికి కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి.

ఇక ఫోటోల సంగతి. జూలై 2021లో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, ముస్లిం స్త్రీల ఫోటోలను వారి ఖాతాల నుంచి దొంగిలించి "వేలం" అంటూ ఆప్‌లలో పెట్టిన దుర్మార్గం మనకందరికీ తెలుసు. ఆ స్త్రీలలో పాత్రికేయులున్నారు, హైదరాబాద్‌వారూ ఉన్నారు. వారు చేసిన తప్పేమీ లేదు. తలవంచుకోవలసింది దొంగలు. వారు నోరు విప్పి ఫిర్యాదు చేశారు గనుకనే 2022లో అరెస్టులు జరిగాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పెళ్ళి సంబంధాల కోసం అమ్మాయి బయోడేటా వాట్సాప్ గ్రూపులలో వేస్తున్నాము. పుట్టిన తేదీ, ఇంటి నంబరు, ఫోటో అన్నీ ఒకే కాగితం మీద! వందలమంది చేతుల్లోకి పోతుంది. చదువు, కుటుంబం రాసి, మిగిలినవి తెలిసిన మధ్యవర్తి ద్వారా ఇస్తే చాలును. వాట్సాప్‌లో మన ఫోటో పరిచయస్తులకే కనబడేటట్లు పెట్టుకోవచ్చు. టూ స్టెప్ వెరిఫికేషన్ అనే చోట 6 అంకెల పిన్ పెట్టుకుంటే మన ఖాతాను మరొకరు తెరవటం కష్టం. ఆధార్ ఇవ్వవలసి వస్తే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉన్నది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. యూపీఐలో డబ్బు రావటానికి పిన్ కొట్టనక్కరలేదు. పిన్ అడిగారంటే డబ్బు పోతున్నదనే అర్థం. శుభలేఖ అని చెప్పి తెలియని నంబరు నుంచి ఏపీకే ఫైలు వస్తే తెరవకండి. కొత్త నంబరు నుంచి వీడియో కాల్ వస్తే ఎత్తకండి. బంధువు ఆపదలో ఉన్నాడని కబురు వస్తే, పాత నంబరుకు ఒకసారి ఫోను చేసి కనుక్కోండి.

ఇంత జాగ్రత్తపడినా మోసం జరగవచ్చు. అప్పుడేం చేస్తున్నాము? పరువు పోతుందని దాచుకుంటున్నాము. ఇచ్చేటప్పుడు మొహమాటం, పోయిన తర్వాత పరువు. ఈ రెంటి మీదనే దొంగ బతుకుతున్నాడు. ఫోటో బయటపెడతానని బెదిరించేవాడు ఒకసారి డబ్బు ముట్టితే ఊరుకోడు, మళ్ళీ అడుగుతాడు. కనుక డబ్బు ఇవ్వకండి, మాటామంతీ చెరిపివేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచి ఆ నంబరును బ్లాక్ చేయండి. డబ్బు పోతే ఆ నిమిషంలోనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాయవచ్చు. స్త్రీల, పిల్లల మీద జరిగిన నేరాలకు పేరు చెప్పకుండా రాసే వీలు కూడా అందులో ఉన్నది. వేరొకరి వేషంలో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద, అనుమతి లేకుండా రహస్య చిత్రాలు తీసినా పంపినా 66ఇ కింద, 3 ఏళ్ళ వరకు జైలు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆ హక్కు బీదవాడికీ ఉన్నది, మన పిల్లలకూ ఉన్నది.

చివరగా తండ్రులకు, అన్నలకు ఒక మనవి. ఆడపిల్ల భయపడుతూ వచ్చి "అబ్బా, ఎవరో బెదిరిస్తున్నాడు" అని చెబితే ఫోను లాక్కోవటం, బడి మాన్పించటం చేయకండి. చెబితే చదువు పోతుందన్న భయంతోనే ఎందరో పిల్లలు లోలోపల కుమిలిపోతారు. ఉన్న నాలుగు రూపాయలూ, చెవి కమ్మలూ ఆ దుర్మార్గుడికి సమర్పించుకుంటారు. ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "నీ తప్పు కాదు బేటీ, నేనున్నాను" అనండి. తర్వాత ఆమెను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళటానికి జంకితే మన సంఘం పెద్దలను పిలవండి. సంక్షేమ సంఘమన్నది ఇటువంటి సమయానికి అక్కరకు రావాలి గదా. ప్రతి పేటలోనూ ఇద్దరు చదువుకున్న యువకులు, ఇద్దరు చదువుకున్న ఆడవారు ఈ బాధ్యత తీసుకోవాలని ఈ సభాముఖంగా కోరుతున్నాను.

ఇంటి సంగతులు ఒకరి సొత్తు కాదు, ఇంటిల్లిపాదీ ఒకరి దగ్గర ఒకరు ఉంచుకున్న అమానత్. దానిని కాపాడుదాము.