కుక్కలున్న యింట సుగంధ తైలములు

నిరుటి వానకాలమున మా యింటి కుక్కకు పిడుదులు పట్టినవి. ఇంటిలోని పెద్దలు, జలుబునకై దాచియుంచిన నీలగిరి తైలమును దాని వెన్నుమీద ధారాళముగా రుద్దిరి. రెండు మూడు గంటలు గడచునప్పటికి కుక్క చొంగ కార్చుచు, కాళ్లు తడబడి గోడ కొరగినది. సకాలమున పశువైద్యుని చేరుటచే బ్రతికినది. తైలము రాచిన చేతికి దానిపై ప్రేమకు కొదువలేదు. తెలియనిది తైలపు గుణమే. అందుచే ఈ విషయమును శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

సుగంధ తైలము నువ్వులనూనె వలె గానుగలో ఆడించి తీయునది కాదు. సాధారణముగా ఆకులకో, పూవులకో, బెరడుకో ఆవిరి పట్టి, ఆ యావిరిని చల్లార్చి తీసిన సారమది. గంపెడాకును బట్టీ పెట్టినచో దక్కునది కొద్దిపాటి నూనె. కావుననే పుదీనా పచ్చడి తినినవారికి ఏమియు కాలేదు గనుక పుదీనా తైలమును హాని చేయదనుట పొరపాటు.

ఈ తైలములు క్రొవ్వులో కరగు స్వభావము గలవి. చర్మము గుండ త్వరగా రక్తమున చేరును. వానిని విరిచి బయటికి పంపు భారము ముఖ్యముగా కాలేయముపై పడును. పైగా కుక్క తన యొంటిని నాకక మానదు. మనము పైపూతగా రాచినది దాని కడుపులోనికి పోవును. కుక్కపిల్లలకు, ముసలివానికి, కాలేయవ్యాధి గలవానికి ముప్పు హెచ్చు. పిల్లుల కాలేయమునకు ఇట్టి ద్రవ్యములను మార్చు శక్తి మిక్కిలి తక్కువ గనుక, పిల్లియు నున్న యింట మరింత మెలకువ వలయును.

2002 మొదలు 2012 వరకు అమెరికాలోని ఒక జంతు విష సమాచార కేంద్రమునకు తెలియవచ్చిన 443 కుక్కల, పిల్లుల వృత్తాంతములను పశువైద్యులు పరిశీలించి 2014లో ప్రకటించిరి. అన్నిటికిని కారణము ఏమియు కలపని టీ ట్రీ తైలమే. నూటికి 89 సందర్భములలో దానిని మనుష్యులు కావలెననియే వాడిరి. చొంగ, మందకొడితనము, తూలుట, వణకు వంటి లక్షణములు 2 నుండి 12 గంటలలో పొడచూపి, 72 గంటల వరకు నిలిచినవి.

టీ ట్రీ, నీలగిరి, దాల్చిన, లవంగ, వింటర్‌గ్రీన్, పెన్నీరాయల్ తైలములను కుక్క యొంటికి రాయరాదు. నొప్పుల బామ్ములలో తరచుగా నుండు వింటర్‌గ్రీన్ సారము ఆస్పిరిను జాతికి చెందినది. కర్పూరము కడుపులోనికి పోయినచో ఈడ్పులు రావచ్చును. పూజ గదిలోని కర్పూరపు బిళ్లలను అందకుండ నుంచుట మేలు. గదిలో పరిమళము చిమ్ము విద్యుత్ పరికరముల తుంపరలు కుక్క బొచ్చుపై వాలును. దానిని వాడక తప్పనిచో కొలది సేపే వాడి, తలుపు తెరచియుంచి, కుక్క ఇష్టము వచ్చినప్పుడు వెలుపలికి పోవు వీలు కల్పింపవలెను. దమ్ము గల కుక్క యున్నచో అదియు వలదు.

ప్రమాదము జరిగినచో వాంతి చేయింపరాదు. నూనె ఊపిరితిత్తులలోనికి పోవును. ఉప్పునీరు త్రాగింపరాదు. తైలము ఒంటిమీద పడినచో, కుక్క తెలివితో నున్నంతలో, గిన్నెలు తోము ద్రవపు సబ్బుతో గోరువెచ్చని నీట కడిగి, పొడిగా తుడిచి, నాకకుండ పట్టియుంచవలెను. పిమ్మట తైలపు సీసాను వెంటగొని పశువైద్యుని కడకు పోవలెను. ఏ తైలమో, ఎంత వాడితిమో తెలిసినచో చికిత్స సులభమగును.

పిడుదులకు మందు పశువైద్యుడు కుక్క బరువును బట్టి నిర్ణయించును. మా యింట ఇప్పుడు నీలగిరి సీసా ఎత్తైన అలమారలో, తాళము క్రింద నున్నది. కుక్క యథాప్రకారము గడపకడ్డముగా పండుకొనుచున్నది.