సర్కసు డేరాలోని మూగజీవులు



మన పల్లెల పెద్దలలో సర్కసు చూడని వారరుదు. పంట ఇల్లు చేరిన పిమ్మట బండ్లు కట్టుకొని పట్టణమునకు పోయి, టిక్కెట్టు కొని, బల్లలపై కూర్చుండి, పులి నిప్పుల చక్రమునుండి దుమికినప్పుడు మనమందఱమును చప్పట్లు చఱచినవారమే. ఆ పులి ఇప్పుడు డేరాలో లేదు. అది ఏల లేకపోయెనో, అందు మనకు గల పాలెంతయో నేడు కొంచెము విచారింతము.

సర్కసు మొదట గుఱ్ఱముతో పుట్టినది. 1768వ సంవత్సరమున లండను నగరమున ఫిలిప్ ఆస్ట్లీ అను రౌతు, పరుగెత్తు గుఱ్ఱము వీపుపై నిలుచు విద్యను ప్రదర్శింపసాగెను. గుఱ్ఱము గుండ్రని బరిలో తిరుగునప్పుడు, రౌతు కొంచెము లోపలికి ఒరిగి, దాని వీపుపై నిలుకడగా నిలువగలడు. ఆ బరికి 42 అడుగుల వ్యాసము క్రమముగా స్థిరపడెను. సర్కసు బరి గుండ్రముగా నుండుటకు కారణమిదియే. మన దేశమున విష్ణుపంత్ ఛత్రే అను మహారాష్ట్రుడు 1880లో గ్రేట్ ఇండియన్ సర్కసును నెలకొల్పెను. పిమ్మట కేరళమునందలి తలశ్శేరిలో కీలేరి కుంఞికణ్ణన్ అను వ్యాయామోపాధ్యాయుడు 1901లో ఈ విద్యకు పాఠశాల తెఱచెను. ఆ ప్రాంతమునుండి వెడలిన కళాకారులు దేశమందలి డేరాల నెన్నింటినో నింపిరి.

తెలుగువారికిని ఇందు గొప్ప పేరు కలదు. వీరఘట్టమున జన్మించి కలియుగ భీముడని కీర్తి గాంచిన కోడి రామమూర్తి నాయుడుగారు స్వయముగా సర్కసు నడిపిరి. ఱొమ్మునకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచిరి. ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనిరి. ఆ కథ చెప్పునప్పుడు మనము ఒక సంగతి మఱతుము. ఆ కార్యమున పాల్గొన్నవారు ఇద్దఱు: నాయుడుగారొకరు, ఏనుగొకటి. నాయుడుగారు అపాయమెఱిగియు తమ ఇచ్ఛచేత పూనుకొనిరి. దేశమంతట కీర్తి గడించిరి. ఏనుగునకు ఇష్టమో కాదో ఎవ్వరును అడుగలేదు. ఉయ్యాలనుండి ఉయ్యాలకు ఎగురు వనితయు, తీగపై నడచు యువకుడును కూలికి ఒప్పుకొని ఎక్కినవారు. చాలునని తోచినచో దిగిపోగలరు. మృగము దిగిపోజాలదు. సర్కసు మృగములను గూర్చిన తగవంతయు ఈ యొక్క భేదముమీదనే నిలిచియున్నది. పసిబిడ్డల విషయమును ఇట్టిదే. తమ మేలు కీడు తాము నిర్ణయించుకొనలేని వయసువారు గనుక, వారిని సర్కసులలో నియోగింపరాదని ప్రకటించుటకు 2011లో సుప్రీంకోర్టు ప్రభుత్వమును ఆదేశించెను.

మృగమునకు సర్కసు విద్య ఎట్లు వచ్చునో చూతము. పులి ఒంటరిగా సంచరించు జంతువు. తన పొలిమేరలోనికి పరుని రానీయదు. డేరాలో దానిని సింహముల సరసను పీటపై కూర్చుండబెట్టుదురు. నిప్పు కనబడినచో అడవి మృగము తొలగిపోవును. దానిని నిప్పులోనుండియే దుమికింతురు. స్వభావమునకు ఇంత విరుద్ధమైన పనిని పదుగురి యెదుట, ప్రతిదినము, తప్పకుండ చేయింపవలెనన్నచో ఆశ యొక్కటి చాలదు; ఆకలియో భయమో తోడు కావలెను. కొరడా ఊరక పట్టుకొనునది కాదు. ఇక ఏనుగు దినమునకు క్రోసులకొలది నడచి మందతో కలిసి మేయు జంతువు. డేరా వెనుక అది కాలి గొలుసుతో ఒక్కచోటనే నిలిచి గంటలకొలది తల యూపుచుండెడిది. ఏనుగు నాట్యమాడుచున్నదని మన పిల్లలు సంతసించెడివారు. అది నాట్యము కాదు. బంధనమువలన మనసునకు కలిగిన వ్యాధిలక్షణమని పశువైద్యులు చెప్పుచున్నారు.

మృగములను బిడ్డలవలె చూచుకొన్న శిక్షకులు లేకపోలేదు. వారిని నిందింపరాదు. కాని ఎంతటి దయగలవాడైనను బోనును అడవిగా మార్పజాలడు. ఊరూరు తిరుగు సర్కసునకు బోను చిన్నదిగానే యుండవలెను. లేనిచో లారీ ఎక్కదు.

ఈ విషయమున శాసనము మెల్లమెల్లగా నడచినది. రాజ్యసభ సభ్యురాలైన రుక్మిణీదేవి అరుండేల్‌గారి పట్టుదలవలన 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసెను. ఏ మృగములను ప్రదర్శింపరాదో నిర్ణయించి ప్రకటించు అధికారమును అది కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చెను. ఆ అధికారముతో ప్రభుత్వము 1998లో ఎలుగుబంటి, కోతి, పులి, చిఱుతపులి, సింహము అను ఐదింటిని నిషేధించెను. తమ వృత్తి చెడునని సర్కసు యజమానులు న్యాయస్థానముల కెక్కిరి. 2000లో కేరళ హైకోర్టును, 2001లో సుప్రీంకోర్టును ఆ నిషేధమునే నిలిపినవి. 2011లో ఎద్దును కూడ ఆ పట్టికలో చేర్చిరి.

సర్కసులనుండి తెచ్చిన సింహములకును పులులకును విశాఖపట్టణము, తిరుపతి మున్నగు చోట్ల జంతుప్రదర్శనశాలల చెంత ఆశ్రయములు కట్టిరి. అవి అడవికి పోజాలవు. వేటాడుట వానికి తెలియదు. సింహములలో పెక్కు ఆఫ్రికా జాతియు మన దేశపు జాతియు కలిసిన సంకరములు. కావున వాని సంతతి పెరుగరాదని నియమించి, తిండియు వైద్యమును పెట్టి, ముదిమి తీఱువఱకు పోషించిరి. మనము కొన్న టిక్కెట్టు వెల కొన్ని గడియల వినోదమునకే చాలినది. మిగిలిన ఋణమును ప్రభుత్వము సంవత్సరములకొలది తీర్పవలసి వచ్చెను.

మృగములను విడిపించినచో వానివలన బ్రదుకువారి గతి యేమని మీరు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. దీనికి సమాధానము ఎలుగుబంటి నాడించువారి చరిత్రలో కలదు. వారు పిల్ల ఎలుగును పట్టి, ముట్టె పొడిచి, త్రాడు దూర్చి, వీథి వీథి త్రిప్పెడివారు. ఎలుగులను ఆశ్రయములకు చేర్చునప్పుడు ఆ కుటుంబములకు వేఱు వృత్తులును, పిల్లలకు చదువులును చూపుటచేత, 2009 నాటికి ఆ ఆట మన వీథులలో దాదాపు అంతరించెను. దండన మాత్రముచేత మానని పని, బ్రదుకుతెరువు చూపుటచేత మానినది.

కడపట మన యూరి మాట. సర్కసు పులి దూరపు సంగతి. మన ఎడ్లు దూరము కావు. తిరునాళ్లలో ఎడ్లచేత బండలు లాగించు పందెములకు పెద్దలుగా కూర్చుండువారు మీరే. పందెము మొదలిడుటకు ముందు ఎద్దు నోటను, కాళ్లను చూడుడు. ముల్లుగఱ్ఱను బరిలోనికి రానీయకుడు. ఎండ మండుచున్నచో ప్రొద్దు వాలువఱకు ఆపుడు. ఎద్దు మోకాలు మోపినచో, రైతు ఎంత బ్రతిమాలినను, పందెము చాలించుడు. మఱల మీ పట్టణమునకు సర్కసు వచ్చినచో తప్పక పోయి చూడుడు. తీగపై నడచువాడును, ఉయ్యాలపై ఎగురునదియు, నవ్వించు జోకరును మీ టిక్కెట్టుతోనే అన్నము తినవలెను. వారి విద్యకు పులి తోడు అక్కఱలేదు.

చాలు అను మాట మృగము పలుకజాలదు. దాని పక్షమున ఆ మాట పలుకవలసిన వారు చూచువారే.