ఎండాకాలం సెలవులు: పిల్లలందరూ తిరిగి బడికి రావాలి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ పూట డాక్టరు చేతికి మైకు ఇస్తే రోగాల గురించి మాట్లాడతాడని తెలిసే నన్ను పిలిచారు. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. కొద్దిరోజుల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఏప్రిల్ నెలాఖరుకు సెలవులిస్తారు. జూన్‌లో మళ్లీ బడి తెరిచేదాకా మా ఆసుపత్రి క్యాజువాలిటీకి ఏటా రెండు రకాల కేసులు వస్తాయి. ఒకటి వడదెబ్బ, రెండోది నీళ్లలో మునగడం. రెండూ చాలావరకు ఆపగలిగినవే. అదే నా బాధ.

మన పల్నాడు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు పేపర్లోకి ఎక్కుతుంది. 2015 మే నెల గుర్తుంది కదా! ఆ వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కూలికి పోయేవాళ్లు, ముసలివాళ్లే అందులో ఎక్కువ.

మన ఒంటికి చెమటే చల్లదనం. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గాక ఆ ఏర్పాటు దెబ్బతింటుంది. మొదట నీరసం, తలనొప్పి, వాంతులు, పిక్కలు పట్టేయడం కనిపిస్తాయి. అప్పుడే నీడకు చేర్చి నీళ్లు తాగిస్తే చాలామంది కోలుకుంటారు. ఒంటి వేడి 104 డిగ్రీలు దాటి, మాట తడబడినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా, ఫర్వాలేదనుకోకండి. ఎండలో పనిచేస్తూ పడిపోయినవాళ్లకు చెమట ఉండగానే వడదెబ్బ తగలవచ్చు.

అప్పుడు ముందు 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి. బట్టలు వదులు చేసి ఒళ్లంతా నీళ్లతో తడపండి, విసరండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. మొదటి అరగంటలో ఒళ్లు చల్లబడటం మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ల ఈ వేడిని తగ్గించదు.

జాగ్రత్త పడటానికి పెద్ద ఖర్చు లేదు. పొలం పని, ఉపాధి పని పొద్దున పదకొండు లోపు ముగించుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి మంచివి. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. స్పూన్లు తలకొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

ఇక నీళ్ల సంగతి. 1967లో సాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలాక మన నేల పచ్చబడింది. ఆ కాలువే వేసవిలో మన పిల్లల్ని మింగుతోంది. సిమెంటు గట్టు ఏటవాలుగా ఉండి, నాచు పట్టి జారుతుంది. తాగునీటి చెరువులు నింపడానికి నీళ్లు వదిలిన రోజుల్లో పైకి నిదానంగా కనిపించినా లోపల వడి ఉంటుంది. ఈత వచ్చినవాడు కూడా గట్టు ఎక్కలేడు. ఒకడు జారితే వాణ్ని పట్టుకోబోయి రెండోవాడు, ఆ ఇద్దరి కోసం మూడోవాడు దూకుతారు. ఒకే వీధి పిల్లలు ముగ్గురిని ఒకేసారి తెచ్చిన రోజులు మా ఆసుపత్రిలో ఉన్నాయి. ఆ తల్లులకు ఏం చెప్పాలో ఏ వైద్య పుస్తకంలోనూ లేదు.

అందుకే పిల్లలకు ఒక్క మాట నేర్పండి: దూకవద్దు, అందించు. కర్ర అందించు, చీర విసురు, తాడు విసురు, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసురు, కేక వేయి. ఒడ్డుకు చేర్చాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం వద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదుతూ, అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. ఇది తొమ్మిదో తరగతి పిల్లలు కూడా నేర్చుకోగలరు.

స్వర్ణోత్సవ నిధితో బడికి ఆర్చి కట్టాలని కమిటీ అనుకుంటోంది. కట్టుకుందాం, నా చందా కూడా అందులో ఉంది. దాంతోపాటు మూడు పనులు చేద్దామని మనవి. మొదటిది, ఏటా సెలవులకు ముందు ఒక రోజు పిల్లలకు ఈ శిక్షణ. బొమ్మ మీద నొక్కించి నేర్పే పని నాది, మరో ఇద్దరు డాక్టరు తమ్ముళ్లు సరేనన్నారు. రెండోది, పిల్లలు దిగే ప్రతి రేవు దగ్గర ఒక తాడు, గాలి నింపిన ట్యూబు, హెచ్చరిక బోర్డు. ఇందుకు కాలువ అధికారుల అనుమతి మనమే అడుగుదాం.

మూడోది మీ అందరిదీ. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ అమ్మానాన్నలు ఊళ్లో ఒంటరిగా, కొందరు రేకుల ఇళ్లల్లో ఉంటున్నారు. బీపీ మందులు వాడే పెద్దలకు వేడి తొందరగా దెబ్బ తీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రోజూ మధ్యాహ్నం ఒక ఫోన్ చేయండి. ఎత్తకపోతే వెళ్లి చూడటానికి వీధికొక పూర్వ విద్యార్థి పేరు రాసుకుందాం. ఆ జాబితా కాగితం బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద పెట్టించాను. భోజనాలకు లేచే ముందు మీ పేరు, వీధి పేరు అందులో రాయండి. మిగతా రెండింటినీ రేపటి సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.

సెలవు.