కారవాన్, అంతర్వేది, అమావాస్య పోటు: మా మొదటి రోజు

 

ముందే చెప్పేస్తున్నా. ఈ ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్లు లేవు. సన్‌సెట్ టైమ్‌లాప్స్ లేదు. నేను, ఈ కుర్చీ, వెనకాల మా ఇంటి గోడ, అంతే. "బ్రో, కారవాన్ ట్రిప్ వీడియో ఎప్పుడు?" అని చాలామంది అడిగారు. ఆ వీడియో లేదు. అసలు తీయాల్సిన టైమ్‌లో నా రెండు చేతులూ ఒక టైరు కింద ఇసుక తోడుతున్నాయి. అందుకే ఇవాళ కూర్చుని చెప్తా, వినండి.

కారవాన్ అంటే మనకి ఏంటి? షూటింగ్‌లో హీరో షాట్ గ్యాప్‌లో కూర్చునే బండి. కేరళ వాళ్ళు 2021లో దానికోసం టూరిజం పాలసీయే తెచ్చారు. బండి పెట్టుకోవడానికి కారవాన్ పార్కులు, అందులో కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ, ఇవన్నీ ఆ ప్లాన్‌లో భాగం. నేను ఆ వీడియోలు చూసి ఫిక్స్ అయిపోయా. బండి చూశాను గానీ పార్కు సంగతి పట్టించుకోలేదు. అదే నా మొదటి బగ్.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ డ్రైవర్. అందులో సగం సర్వీసు కోనసీమ రూట్లలోనే. రిటైరయ్యాక హైదరాబాద్‌లో నాతోనే ఉంటున్నారు. నానమ్మకి డెబ్భై ఎనిమిది. ఆవిడకి ఒకటే కోరిక, చొల్లంగి అమావాస్యకి సముద్ర స్నానం చెయ్యాలని. తెలియని వాళ్ళకి చెప్తా. సంక్రాంతి తర్వాత వచ్చే అమావాస్య అది. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఆ ఏడు చోట్లా స్నానం చేసే సప్తసాగర యాత్ర కాకినాడ దగ్గర చొల్లంగిలో మొదలై, వశిష్ఠ కలిసే అంతర్వేదిలో ముగుస్తుంది. నానమ్మ మోకాళ్ళకి ఏడు చోట్లు కుదరవు కాబట్టి అంతర్వేది ఒక్కటైనా అంది.

నేను ఎక్సెల్ షీట్ తెరిచా. అమ్మ, నాన్న, నానమ్మ, అక్క, బావ, వాళ్ళబ్బాయి చింటూ, నేను. డ్రైవర్‌తో సహా కారవాన్ అద్దెకి. ఒక్కరోజు అద్దె నా పాత ఉద్యోగంలో మూడు రోజుల జీతం. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఉద్యోగం మానేసి ఏడాదిన్నర అయింది, నాన్న నాతో సరిగ్గా మాట్లాడి కూడా ఏడాదిన్నర అయింది. ఈ ట్రిప్‌తో అది సెట్ అయిపోతుందని లోపల ఒక ఆశ.

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి మియాపూర్‌లో బయల్దేరాం. పండగ అయిపోయి ఊళ్ళన్నీ హైదరాబాద్ వచ్చేస్తుంటే మేం ఎదురు వెళ్తున్నాం, రోడ్డు ఖాళీ. బాగానే ఉంది. సూర్యాపేట దాటాక నానమ్మ బండి లోపల ఒక రౌండ్ వేసింది. స్టవ్ చూసింది. పక్కనే చిన్న తలుపు తీసింది. లోపల బాత్‌రూమ్.

"వంటింటికీ దొడ్డికీ మధ్య తలుపొక్కటేనా?" అంది.

అంతే. ఆ స్టవ్ మీద చేసింది తినదు, ఆ బాత్‌రూమ్‌కి వెళ్ళదు. ప్రతి గంటకీ పెట్రోల్ బంకు వెతుక్కోవడమే. ఇంకోపక్క చింటూగాడికి కదిలే బండిలో షవర్ దొరికింది. భీమవరం వచ్చేసరికి ట్యాంకులో చుక్క నీళ్ళు లేవు.

భీమవరంలో నాన్న మొదటిసారి నోరు విప్పారు. "పాలకొల్లు మీదుగా పోయి చించినాడ బ్రిడ్జి ఎక్కుదాంరా."

నేను ఫోన్ చూపించా. "లేదు నాన్నా, మ్యాప్ నరసాపురం చూపిస్తోంది. చాలా దగ్గర."

నాన్న మళ్ళీ మాట్లాడలేదు.

నరసాపురం వెళ్ళాం. మ్యాప్‌లో నీలం గీత నేరుగా గోదావరి మీదుగా అవతలికి పోతోంది. బ్రిడ్జి ఉందనుకున్నా. అక్కడ ఉన్నది రేవు. అవతలి ఒడ్డున సఖినేటిపల్లి కనిపిస్తూనే ఉంది. మధ్యలో పంటు. అంటే పడవల మీద చెక్కలు పరిచి కట్టింది. బైకులు, ఆటోలు, కార్లు ఎక్కుతున్నాయి. మా బండి మూడున్నర టన్నులకి పైనే. రేవులో ఉన్నాయన మా బండిని పైనుంచి కిందిదాకా చూసి, "ఇది ఎక్కితే మనందరం దిగిపోవాలండి ఆయ్, గోదాట్లోకి" అన్నాడు. బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బండి వెనక్కి తిప్పుకుని పాలకొల్లు, చించినాడ బ్రిడ్జి, దిండి, రాజోలు. నాన్న పొద్దున చెప్పిన దారే. రాజోలు దాటాక కాలవ గట్ల మీద రోడ్డు. చూడ్డానికి భలే ఉంటుంది, ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోట. కానీ మా బండి నెత్తిన ఏసీ ఉంది. కొబ్బరి మట్టలు టపటపా కొడుతున్నాయి. రోడ్డుకి అడ్డంగా కేబుల్ వైర్లు. ఒకచోట బావ దిగి కర్రతో వైరు పైకెత్తి పట్టుకుంటే బండి కిందనుంచి పోనిచ్చాం. కరెంటు వైరైతే? ఆ ఆలోచన నాకు రాత్రి పడుకున్నాక వచ్చింది. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి.

నాలుగు అవుతుండగా అంతర్వేది చేరాం. లైట్‌హౌస్ కనిపిస్తోంది. సముద్రం అల్లంత దూరంలో ఉంది. మధ్యలో విశాలంగా తడి ఇసుక, సిమెంటు చేసినట్టు గట్టిగా. నేను కాలితో తన్ని చూశా, గుంట కూడా పడలేదు. థంబ్‌నెయిల్ కళ్ళముందు కనిపించేసింది. కారవాన్, వెనకాల అల, ముందు ఫ్యామిలీ. డ్రైవర్ తమ్ముడు "ఇక్కడిదాకా వద్దేమో అన్నా" అన్నాడు. పాపం, కస్టమర్‌ని నేను కదా. "ఏం కాదు, పెట్టు" అన్నా.

పెట్టాం. బీచ్ దగ్గర బోరింగ్ కనిపిస్తే బిందెలతో ట్యాంకు నింపాం. అమ్మ టీ పెట్టింది. నోట్లో పోసుకుంటే ఉప్పు. సముద్రం పక్కన బోరు నీళ్ళు మరి. ఏసీ వేద్దామంటే దానికి బయటి కరెంటు కావాలి, బీచ్‌లో ప్లగ్ ఎక్కడుంటుంది? అయినా అందరం నవ్వుకున్నాం. చీకటి పడింది. నానమ్మ లోపల పడుకుంది. ఏడుంపావుకి చింటూ వచ్చి చెప్పాడు.

"మామయ్యా, అమ్మ చెప్పులు ఈత కొడుతున్నాయి."

ఫోన్ లైట్ వేసి చూస్తే ముందు టైర్ల దగ్గర నీళ్ళు. అల వస్తోంది, పోతోంది, వచ్చిన ప్రతిసారీ ఒక అడుగు ముందుకి. డ్రైవర్ తమ్ముడు ఉరికి ఇంజన్ స్టార్ట్ చేసి ఎక్సలేటర్ తొక్కాడు. వెనక టైర్లు గిర్రున తిరిగి ఇసుకలో దిగిపోయాయి. ఇంకా తొక్కాడు, ఇంకా దిగాయి. బండి ఒక పక్కకి ఒరిగింది.

లోపలినుంచి నానమ్మ కేక. "నీళ్ళొచ్చాయా? తుఫానా?"

ఆ కేక ఎందుకో మీకు అర్థం కావాలంటే ఒక తేదీ చెప్పాలి. 1996 నవంబర్ 6. ఆ రాత్రి తుఫాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు కూలిపోయాయి. మా నానమ్మవాళ్ళ తోట, ఇంటి పైకప్పు ఆ ఒక్క రాత్రిలోనే పోయాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. అన్నేళ్ళు ఆగలేక ఉన్న చెక్క అమ్మేసుకున్నారు. నేను అప్పటికి పుట్టలేదు. నాకు అది కథ. ఆవిడకి కాదు. చీకట్లో, ఒరిగిన బండిలో, చుట్టూ నీళ్ళ చప్పుడు వింటూ ఆవిడ వణికిపోతోంది. ఆ చప్పుడు దగ్గరికి ఆవిణ్ణి తీసుకొచ్చింది నేను, థంబ్‌నెయిల్ కోసం.

నాన్న లోపలికెళ్ళి నానమ్మని వీపున ఎక్కించుకుని పొడి ఇసుక మీదకి తెచ్చారు. తర్వాత ఆయన గొంతు మారింది. "ఇంజన్ ఆపు. అందరూ దిగండి. ట్యాంకులో నీళ్ళు వదిలెయ్యండి, బరువు తగ్గుతుంది. టైర్లలో సగం గాలి తియ్యండి."

గాలి తీస్తే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ ఇసుక మీద పడి దిగబడటం తగ్గుతుంది. బీటెక్‌లో ప్రెజర్ ఈక్వల్స్ ఫోర్స్ బై ఏరియా అని నేను రాసి మార్కులు తెచ్చుకున్నా. నాన్న పదో తరగతి.

ఇంజన్ మోత విని పల్లిపాలెం నుంచి జనం అప్పటికే వచ్చేస్తున్నారు. నేను ఎవరినీ పిలవలేదు. ఒకాయన ట్రాక్టర్ తెచ్చాడు. ఇద్దరు కుర్రాళ్ళు కొబ్బరి మట్టలు మోసుకొచ్చారు. టైర్ల ముందు ఇసుక చేత్తో తోడి మట్టలు పరిచాం. ట్రాక్టర్ పొడి ఇసుక మీదే ఉండి మోకు వేసింది. మోకు బంపర్‌కి కాదు, కింద చాసిస్ హుక్కుకి కట్టించారు నాన్న. డ్రైవర్ తమ్ముడి చేతులు వణుకుతున్నాయి. నాన్న డోర్ దగ్గరికెళ్ళి, "తమ్ముడూ, కాసేపు నేను కూర్చోనా?" అని అడిగారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసున్న మనిషి, ఇరవై నాలుగేళ్ళ కుర్రాణ్ణి, ఆ నీళ్ళలో కూడా అడిగి కూర్చున్నారు.

మొదటిసారి రాలేదు. రెండోసారి మట్టలు పటపటమని విరిగాయి. మూడోసారి వచ్చేసింది. టైమ్ ఎనిమిదిన్నర. వెనక్కి తిరిగి చూస్తే బండి ఉన్న చోట మోకాలి లోతు నీళ్ళు.

ట్రాక్టరాయన డీజిల్ డబ్బులు తప్ప పైసా తీసుకోలేదు. "పెద్దావిణ్ణి బండిలో పడుకోబెడతారేంటండీ" అని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. నానమ్మకి నవారు మంచం, మాకు అరుగు. పప్పుచారు, అప్పడాలు. శనివారమని తెలిసి నీచు లేకుండా విడిగా వండింది ఆ ఇంటావిడ. లక్షలు పోసి చేయించిన ఇల్లులాంటి బండి రోడ్డు మీద పెట్టుకుని మేం పక్కవాళ్ళ అరుగు మీద పడుకున్నాం.

ఆ ఇంటాయన వేటకెళ్ళే మనిషి. ఆయన చెప్పాడు, "అమాసకీ పున్నానికీ పోటు ఎక్కువండి బాబూ. పాటు కూడా ఎక్కువే. మీరు పాటులో వచ్చారు." సైన్స్ కూడా అదే. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. ఇద్దరి లాగుడూ కలుస్తుంది. నీళ్ళు మామూలు కంటే ఎక్కువ పైకొస్తాయి, ఎక్కువ వెనక్కీ పోతాయి. అందుకే మధ్యాహ్నం అంత వెడల్పు ఇసుక కనిపించింది. అది బీచ్ కాదు, కాసేపు బయటపడ్డ సముద్రం నేల. పాటు నుంచి పోటుకి దాదాపు ఆరు గంటలు. మేం పాటు అయిపోయి పోటు మొదలయ్యాక వెళ్ళి నీళ్ళ దారిలో ఇల్లు పెట్టాం.

అందరూ పడుకున్నాక నాన్నని అడిగా. "బీచ్‌లో పెడుతుంటే ఎందుకు ఆపలేదు నాన్నా?"

కాసేపు ఆగి చెప్పారు. "నేను ఈ రూట్‌లో తిప్పేటప్పుడు సముద్రం ఇంకా అవతలుండేది. అక్కడిదాకా రాదనుకున్నా. నాదీ తప్పే." మళ్ళీ ఆగి, "అయినా నువ్వెప్పుడు అడిగావురా? ఉద్యోగం మానేస్తున్నా అని కూడా మానేశాకే చెప్పావు."

నా దగ్గర జవాబు లేదు. "సారీ నాన్నా" అన్నా. "పడుకో, పొద్దున్నే లేవాలి" అన్నారు. ఏడాదిన్నరలో మేం మాట్లాడుకున్న పెద్ద సంభాషణ అదే.

నాన్న చెప్పింది నిజమే. అంతర్వేదిలో సముద్రం ముందుకొస్తోందని అక్కడ ఎవర్నడిగినా చెప్తారు. డెల్టా అంటే నది తెచ్చిన ఒండ్రు మట్టితో ఏర్పడ్డ నేల. పైన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతే కింద కొత్త మట్టి రావడం తగ్గుతుంది, ఉన్నది అలలు కోసుకుపోతాయి. అంటే నా మ్యాప్‌కి రేవు తెలుసు గానీ బండి బరువు తెలీదు. నాన్నకి రోడ్డు తెలుసు గానీ ఇప్పటి సముద్రం తెలీదు. అది తెలిసినవాళ్ళు ఆ పల్లిపాలెంలో ఉన్నారు. నేను నాలుగింటికి వాళ్ళ ఇళ్ళ ముందునుంచే హారన్ కొట్టుకుంటూ వెళ్ళా.

మీరు వెళ్తే ఇవి చూసుకోండి. బండి ఎత్తు, బరువు మీకు నోటికి రావాలి. నరసాపురం పంటు కారుకి ఓకే, కారవాన్‌కి చించినాడ బ్రిడ్జే. తాగే నీళ్ళు రాజోలులోనో మలికిపురంలోనో నింపుకోండి. కరెంటు ప్లగ్ ఎక్కడిస్తారో ముందే మాట్లాడుకోండి. పోటు టైమ్ చూసుకోండి, అది రోజూ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పోటుపాట్ల అంచనాలు, అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఆఫీసు హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. మా ఇంటికి పక్కనే! ఇసుక మీదకి మాత్రం బండి దింపకండి. జనవరి నుంచి అక్కడ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి కూడా వస్తాయి. అన్నిటికంటే ముందు, ఆ ఊళ్ళో ఒక్క మనిషిని అడగండి.

మర్నాడు అమావాస్య. తెల్లవారుతుండగా నానమ్మని నడిపించుకుంటూ తీసుకెళ్ళాం. రాత్రి అంత భయపడ్డ మనిషి వెనక్కి తిరుగుతుందేమో అనుకున్నా. ఒడ్డున ఆగింది. మాతో వచ్చిన ఆ ఇంటావిడ వైపు తిరిగి, "ఇప్పుడు దిగొచ్చా అమ్మా?" అని అడిగింది. ఆవిడ నీళ్ళకేసి చూసి, "నా చెయ్యి పట్టుకోండమ్మా, ఇక్కడిదాకా అయితే పర్లేదు" అంది. మూడు మునకలు వేసింది నానమ్మ. ఇంకో చెయ్యి నాన్న పట్టుకున్నారు. ఫోన్ నా జేబులోనే ఉంది. తియ్యలేదు.

ఇదండీ మా మొదటి రోజు. వచ్చే ఎపిసోడ్ ఏం చేద్దామని నిన్న రాత్రి నాన్నని అడిగా. "ఆర్టీసీ బస్సులో కోనసీమ తిప్పుతా, వస్తావా?" అన్నారు. వస్తున్నా. ఈసారి సీటు ఆయన చెప్పిందే. ఉంటా మరి, బాయ్.